వల దగ్గర కేక గురించి అడిగిన కరుణ

నిన్న ఉదయం ఆరుంపావుకు కరుణ పోయింది. గుండెపోటు. శ్రీకాకుళం ఆస్పత్రికి చేరేసరికే ఊపిరి లేదు.

వాళ్ల తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను విజయనగరం కాంప్లెక్స్‌లో బస్సు కోసం చూస్తున్నాను. విలేకరి అలవాటుకొద్దీ "ఎవరు కన్ఫర్మ్ చేశారు?" అని అడిగాను.

అతను ఏడ్చాడు.

అప్పుడు నమ్మాను.

తెలియనివాళ్ల కోసం: కరుణ నాకు డిగ్రీ క్లాస్‌మేట్. నరసన్నపేట అమ్మాయి. రాజాంలో జువాలజీ లెక్చరర్. పీహెచ్‌డీ ఎలుక పిండాల మీద. గర్భం మొదటి రోజుల్లో కణాలకు 'పెరుగు' అని చెప్పే ప్రొటీన్లు కొన్ని, 'ఇక చాలు' అని చెప్పేవి కొన్ని. ఆ రెండో రకం ఆమె సబ్జెక్ట్.

దాని మీద ఒకసారి వార్త రాసి, ఫోన్‌లో చదివి వినిపించాను.

"ఒరే, 'ఎలుకల్లో' అన్న మాట ఏదిరా?"

"హెడ్డింగ్‌లో పట్టదే."

"అయితే హెడ్డింగ్ మార్సు. మనుషుల్లో నేను సూడలేదు."

మార్చాను.

వాళ్లింటికి చేపలు తెచ్చే ఎర్రమ్మకు వరసగా మూడు కడుపులు నిలవలేదు. గంప మోసినందుకే పోయాయని అత్త పోలమ్మ మాట. కొడుక్కి మరో సంబంధం కూడా చూసింది. హుద్‌హుద్ తుపానుకు ముందు వేసవిలో, ఓ ఆదివారం చర్చి అయ్యాక, కరుణ నన్ను వెంటబెట్టుకుని సముద్రం ఒడ్డున ఉన్న ఎర్రమ్మ వాళ్ల పల్లెకు వెళ్లింది.

ఒడ్డున పెద్ద వల లాగుతున్నారు. రెండు తాళ్లు, రెండు జట్లు. ఒకాయన కేక వేస్తే లాగుతున్నారు, మళ్లీ వేస్తే ఆగుతున్నారు.

"అత్తా, ఆ కేక లేకపోతే ఏటవుద్ది?" అంది కరుణ.

"ఏటవుద్దేటి? ఓ పక్కే లాగెస్తారు. వల సిరిగిపోద్ది" అంది పోలమ్మ.

"కడుపులో బిడ్డ కట్టేటప్పుడూ అలాటి కేకలే ఉంటాయి. నేను సదివింది ఆటి గురించే."

"కేకలెయ్యడానికి అంత సదువేటమ్మా!"

ఇద్దరూ నవ్వారు. తర్వాత కరుణ అంది:

"లోపల ఏది తప్పిందో నేను సెప్పలేను. కేక తప్పిందో, మరోటో. నీ కొడుకు వైపు నుంచైనా అవ్వొచ్చు. ఇద్దరికీ టెస్టులు సేయించు. గంప మాట మాత్రం ఎత్తకు. దానివల్ల కాదు."

పోలమ్మ అప్పుడు చెప్పింది:

"నాకూ రెండు పోయాయి. నానూ గంప మోసీదాన్నే. మా అత్త ఇదే మాటంది."

రెండో పెళ్లి మాట మళ్లీ రాలేదు.

ఎర్రమ్మకు పిల్లలు పుట్టలేదు. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. రెండూ రాయాలి. ఒకటే రాస్తే కరుణ ఊరుకోదు.

నిన్న సాయంత్రం పోలమ్మ ఫోన్ చేసింది. "రేపు గంపలెత్తం బాబూ. మాం ఇద్దరం వస్తన్నాం. ఏ ఏలకి?"

వెళ్లిరా కరుణా. నెమ్మదిగా నిద్రపో.

ఇవాళ మధ్యాహ్నం మూడింటికి నరసన్నపేట చర్చిలో ప్రార్థన. నాలుగున్నరకు సమాధుల తోట. చివర్లో తలో పిడికెడు మట్టి వేస్తారు.

ఇంట్లోవాళ్ల తర్వాత మొదటి పిడికెడు ఆ అత్తాకోడళ్లది. తమ్ముడు సరేనన్నాడు.