పోర్టు చదవబోయిన రోజులు

ఎనభైల చివర్లో గుంటూరు శివార్లలో, చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు మీద ఒక కోల్డ్ స్టోరేజీలో పనిచేశాను. ఎలక్ట్రానిక్స్ డిప్లమా పూర్తయిన ఏడాదికి దొరికిన ఉద్యోగం. టిక్కీలని పిలిచే మిర్చి బస్తాలు ఎనిమిది గదుల్లో పైకప్పు దాకా పేర్చి ఉండేవి. మొదటి వారమంతా తుమ్ముతూనే ఉన్నాను. తర్వాత నాకు అలవాటైంది కానీ ఇంట్లో వాళ్ళకు కాలేదు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మ తుమ్మేది.

ఒక్కో గదిలో ఎంత చలి ఉందో కంప్యూటరులో చూపించడం నా పని. గదిలో ఒక సెన్సరు ఉంటుంది. దాని తీగ ఆఫీసు దాకా వచ్చి కంప్యూటరు లోపలి కార్డులో కలుస్తుంది. ఆ కార్డుకు ఇంటి నంబరులాంటి నంబరొకటి ఉంటుంది. దాన్ని పోర్టు అంటారు. నా ప్రోగ్రాం ఆ నంబరు దగ్గరకు వెళ్ళి, అక్కడున్న అంకె చదివి, డిగ్రీల్లోకి మార్చి తెర మీద వేసేది. పాత కంప్యూటరులో పోర్టు చదవడం ఒక్క లైను పని.

అమ్మోనియా కంప్రెసర్లు నడిపే ఆపరేటరు గారు యాభై దాటిన మనిషి. అంతకుముందు చీమకుర్తి క్వారీల్లో పనిచేసి వచ్చారు. ఆ మోతకు చెవులు కాస్త మందగించాయి, అందుకని మాట బిగ్గరగా వచ్చేది. గదుల తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి, గాజు థర్మామీటరు చూసి పుస్తకంలో రాసుకునేవారు.

"నీ పెట్టె ఎంతంటంది అమ్మాయ్?"

"నాలుగున్నరండి."

"నాది ఐదు. పర్లేదు, దగ్గర్లోనే ఉంది."

ఆ వేసవిలో కొత్త కంప్యూటరు వచ్చింది. దానికి రెండు తెరలు, రెండు కీబోర్డులు. ఒకదాని ముందు నేను, రెండోదాని ముందు అక్క. ఆఫీసు గుమాస్తాను అందరూ అక్క అనేవాళ్ళు. పత్తి పండించే ఇంటి నుంచి వచ్చిన మనిషి, నాకన్నా పదేళ్ళు పెద్ద. ఏ రైతు బస్తాలు ఏ గదిలో, ఏ వరసలో ఉన్నాయో కంప్యూటరులో ఎక్కించడం ఆవిడ పని. ఒకే యంత్రం మీద ఇద్దరూ ఒకేసారి పనిచేసుకోవచ్చనీ, ఇందులో ఉన్న సిస్టం పేరు యూనిక్స్ అనీ దాన్ని తెచ్చిన ఇంజనీరు చెప్పి వెళ్ళాడు. నాకు ఆ పేరు తప్ప మరేమీ తెలియదు.

పాత యంత్రంలోని కార్డు తీసి కొత్తదాంట్లో బిగించాను. ప్రోగ్రాం మళ్ళీ రాసుకుని నడిపాను. డిగ్రీలు రాలేదు. "మెమరీ ఫాల్ట్, కోర్ డంప్డ్" అని ఒక లైను వచ్చి ప్రోగ్రాం ఆగిపోయింది.

మెమరీ ఫాల్ట్ అంటే మెమరీ పాడైందనేగా. మేనేజరు గారికి అదే చెప్పాను.

"కొత్తదానికి అప్పుడే మెమరీ పోవడమేంటమ్మా?" అన్నారాయన. అయినా ఫోను చేశారు. విజయవాడ నుంచి ఒకతను వచ్చి మెమరీ చిప్పులన్నీ మార్చి వెళ్ళాడు. మళ్ళీ నడిపాను. మళ్ళీ అదే లైను.

కార్డు కాలిపోయిందేమో అనుకుని పాత యంత్రంలో పెట్టి చూశాను. అక్కడ శుభ్రంగా నాలుగున్నర చూపించింది. కొత్తదాంట్లో పెడితే మెమరీ ఫాల్ట్. తీగలు విప్పి మళ్ళీ కట్టాను. తీగలు లాగింది ఆపరేటరు గారే కాబట్టి ఆయనకు కొంచెం కష్టమనిపించినట్టుంది. "నా తీగలో తప్పుంటే ఆ పాతదాంట్లో ఎట్టా పలికింది?" అని అడిగారు.

కూడికలు చేసే ప్రోగ్రాం రాస్తే నడిచింది. నా పేరు వంద సార్లు వేసే ప్రోగ్రాం కూడా నడిచింది. పోర్టు చదివే ఆ ఒక్క లైను పెడితేనే ఆగిపోతోంది. ఆగిన ప్రతిసారీ కోర్ అనే పేరుతో పెద్ద ఫైలొకటి వదిలి పోతోంది. అందులో ఏముందోనని తెరిస్తే పిచ్చి అక్షరాలు వరసగా పరిగెత్తి, తెర కీచు కీచుమని మోగడం మొదలుపెట్టింది.

"ఏందే ఆ మోత?" అంది అక్క పక్కనుంచి.

"తెలీదక్కా."

ఆ నెలలో నేను ఎక్కువగా అన్న మాట అదే.

మూడో వారంలో ఇంజనీరు స్వయంగా వచ్చాడు. సన్నగా ఉంటాడు, నా వయసే. నా ప్రోగ్రాం చూసి, ఆ లైను మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ మీ ప్రోగ్రాం పోర్టును ముట్టుకోకూడదండి. యూనిక్స్‌లో అన్నిటినీ నడిపే భాగం, కెర్నల్ అంటారు, అదే ముట్టుకుంటుంది. మీరు దాన్ని అడగాలి."

"కెర్నల్ ఎక్కడుంటుందండి?"

"లోపలే, మెమరీలో."

"నా ప్రోగ్రామూ మెమరీలోనే కదండీ."

"మీది యూజరు వైపు."

కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, పైన నా ప్రోగ్రాం, కింద కెర్నల్ రాశాడు. ఆ గీత యంత్రంలో ఎక్కడుందని అడిగాను. ఎక్కడా ఉండదనీ, ప్రాసెసరుకు తెలుస్తుందనీ అన్నాడు. మరి మెమరీ ఫాల్ట్ అని ఎందుకు చెబుతోందన్నాను. తాకకూడనిది దేన్ని తాకినా చాలావరకు ఆ ఒక్క మాటే చెబుతుందట. చిప్పులు మార్చడానికి వచ్చినతను గుర్తొచ్చి సిగ్గేసింది.

అన్ని అధికారాలూ ఉన్న రూట్ అనే పేరుతో లోపలికి వెళ్ళి, నా ప్రోగ్రాం మొదట్లో నాలుగు లైన్లు చేర్చాడు. ఈ ప్రోగ్రాముకు పోర్టుల దగ్గరకు వెళ్ళే అనుమతి ఇమ్మని కెర్నల్‌ని అడిగే లైన్లవి. రూట్ పేరుతో నడిపితేనే ఆ అనుమతి దొరుకుతుంది. నడిపాడు. నాలుగున్నర వచ్చింది. రూట్ పాస్‌వర్డు నాకు రాసిచ్చి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

నాకు అర్థమైందనుకున్నాను. కాలేదు. మిగతా పోర్టు నంబర్లలో ఏముంటుందో చూడాలనిపించింది. రాస్తే చెడిపోవచ్చేమో గానీ చదివితే ఏమవుతుంది? సున్నా నుంచి మొదలుపెట్టి వెయ్యి దాటే దాకా ఒక్కో పోర్టూ చదివి అంకె చూపించే ప్రోగ్రాం రాసి, రూట్ పేరుతో నడిపాను. పొద్దున పదకొండు గంటలప్పుడు. కొన్ని అంకెలు గబగబా వచ్చి ఆగిపోయాయి. కీబోర్డు పలకలేదు. ఫైళ్ళు దాచే డిస్కు దీపం ఎర్రగా వెలుగుతూ ఉండిపోయింది.

"నాది కదలట్లేదే," అంది అక్క.

ఆపి మళ్ళీ వేశాం. యంత్రం తన డిస్కును తానే చాలాసేపు తనిఖీ చేసుకుంది. చివరికి లేచేసరికి అక్క ఆ వారం ఎక్కించిన వివరాల ఫైలు లేదు. కంప్యూటరులో ఉంది కదా అని గది, వరస రాసి ఉన్న పాత చీటీలు అప్పటికే పారేశాం.

మధ్యాహ్నం దర్శి వైపు నుంచి ఒక రైతు తన సరుకు తీసుకెళ్ళడానికి లారీతో వచ్చాడు. అరవై టిక్కీలు. ఆయన రసీదులో లెక్కుంది, గది నంబరు లేదు. అక్క నా వంక చూసింది. నేను దుప్పటి కప్పుకుని ఆపరేటరు గారి వెనక గదుల్లోకి వెళ్ళాను. బస్తాల మీద ఆ రైతు గుర్తు పచ్చ రంగు అడ్డగీత. బస్తాలు మోసే ముఠా కూలీలు నిచ్చెనలు వేసుకుని పై వరసలు చూస్తుంటే, నేను కింది వరసల్లో టార్చిలైటుతో వెతికాను. మూడు గదులు తిరిగాక, ఆరో గదిలో లోపలి గోడ దగ్గర దొరికాయి. రైతు ఒక బస్తా విప్పించి కాయ చేతిలోకి తీసుకుని విరిచి చూశాడు.

"సరుకు బానే ఉందమ్మా. నువ్వే వణుకుతున్నావు, పో, ఎండలో నిలబడు," అన్నాడు.

సాయంత్రం అక్కకు జరిగింది చెప్పాను.

"ఏం రాశావు దాంట్లో?"

"రాయలేదక్కా. చదివానంతే."

"చదివితే పోయిద్దా?"

మర్నాడు ట్రంకాల్ చేసి ఇంజనీరును అదే అడిగాను. కొన్ని పోర్టులను చదివితే అక్కడున్నది ఖాళీ అయిపోతుందనీ, డిస్కు పంపుతున్న ముక్కను నేను మధ్యలో లాగేసుకుని ఉంటాననీ చెప్పాడు. లైన్లో గరగరలు. సగం వినపడలేదు. వినపడిన సగమూ నమ్మబుద్ధి కాలేదు. పుస్తకం చదివితే అక్షరాలు పోతాయా? ఆపరేటరు గారిని అడిగితే ఆలోచించి, "నేను డిగ్రీ చూద్దామని తలుపు తీసినప్పుడల్లా కాస్త చలి బయటికొచ్చిద్ది. చూడకుండా ఎట్టా?" అన్నారు. అది ఆయనకు వింతగా అనిపించినట్టు లేదు.

మేనేజరు గారు నన్ను తిట్టలేదు. రూట్ పాస్‌వర్డు ఇంజనీరు చేత మార్పించి, తన డైరీలో రాసుకున్నారు. రోజూ పొద్దున డిగ్రీల ప్రోగ్రాం నడపడానికి ఆయనే వచ్చి, నన్ను గోడవైపు తిరగమని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేవారు. రెండు మూడు సార్లు తప్పు కొట్టాకే యంత్రం ఒప్పుకునేది.

పోయిన వివరాలు మళ్ళీ ఎక్కించడానికి నాలుగు రోజులు పట్టింది. పొద్దున ఒక కూలీ, నేను గదుల్లోకి వెళ్ళి బస్తాల గుర్తులు రాసుకొచ్చేవాళ్ళం. మధ్యాహ్నం నేను చదువుతుంటే అక్క టైపు కొట్టేది. రెండు రోజులు పని మాటలు తప్ప వేరే మాట లేదు. మూడో రోజు అక్క క్యారియర్ విప్పి గోంగూర పచ్చడి నా వైపు జరిపింది.

"ఇంతకీ నీకు ఇప్పుడన్నా అర్థమైందా?"

"కొంచెం అయిందక్కా."

"కొంచెమైతే ఇంకా భయం," అని తను అన్నం కలుపుకుంది. తిన్నాక చేతులు కడుక్కుని ఐదో గది కాగితం తీశాను. అందులో ఎర్ర చుక్క గుర్తు రెండు చోట్ల ఉంది. ఏది ఏ రైతుదో తెలియక, దుప్పటి తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాను.