కాలిన గాజు

మిషిగన్‌లోని ఒక యూనివర్సిటీ లాబ్‌లో పోస్ట్‌డాక్‌గా చేరిన రెండో ఏడు అది. లేజర్ మెరుపును ఇంకా కురచ చేయడం నా పని. నలభై ఫెమ్టోసెకండ్ల మెరుపును ఆర్గాన్ వాయువు నింపిన గొట్టంలోకి పంపితే, దాని ధాటికి వాయువు సన్నటి దారంలా ప్లాస్మాగా మారి వెలుగుతుంది. ఆ దారం వెంట సాగిన మెరుపు కురచై బయటికి రావాలి. మాకు పదిలోపు కావాలి. పది ఫెమ్టోసెకండ్లంటే సెకనును కోటి కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క.

ఏడు నెలలు పదహారు దగ్గరే ఆగిపోయింది. అద్దాలు మార్చాను, వాయువు పీడనం మార్చాను, ఏసీ గాలికి అట్టలు అడ్డం పెట్టాను. ఒక మంగళవారం మధ్యాహ్నం విసుగెత్తి గొట్టానికి ముందున్న లెన్సును రెండు సెంటీమీటర్లు ముందుకు తోశాను. తెర మీద తొమ్మిది!

నాతో పనిచేసే కరీంనగర్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

“నిజమా అక్కా? డేటా సేవ్ చేసినవా?”

“చేశాను. నువ్వే చూడు.”

ప్రొఫెసర్ ఆ సాయంత్రమే కాన్ఫరెన్స్‌కు పంపే సారాంశంలో తొమ్మిది అని రాసేశారు.

బుధవారం పద్దెనిమిది వచ్చింది. గురువారం ఇరవై రెండు. “మంగళవారం చేసిందే మళ్ళీ చెయ్యి” అన్నారాయన ఇంగ్లీషులో, నాకది తోచనట్టు. ఒళ్ళు మండింది. పది రోజులు అదే చేశాను.

చివరికి ఆ అమ్మాయే గొట్టం విప్పి, మెరుపు బయటికొచ్చే వైపు మూతగా ఉన్న పల్చటి గాజును టార్చికి అడ్డం పెట్టింది.

“అక్కా, గ్లాస్ బర్న్ అయింది, సూడు.”

ఆవగింజంత తెల్లటి మచ్చ. నేను లెన్సు తోసినప్పుడు ప్లాస్మా కొస గాజు దాకా పాకింది. నేను సంబరపడుతున్నంతసేపూ అది కాలుతూనే ఉంది. అన్నీ చూసి దాన్నొక్కటీ చూడని నా మీద నాకే అసహ్యం వేసింది.

అంత పల్చటి గాజు రావడానికి ఐదు వారాలు. లేజర్ మా చేతిలో ఉండేది మూడే. గాజు వచ్చాక ఒక్క వారం ఇమ్మని, మా తర్వాత లేజర్ వాడే పక్క గ్రూపును బతిమాలితే కుదరదన్నారు. దొరికిన మందపాటి గాజు బిగించాం. అది మెరుపును మళ్ళీ సాగదీసింది. పద్నాలుగు.

“తొమ్మిది వచ్చింది కదక్కా, అదే ఉంచుదాం.”

“ఒక్కరోజు వచ్చినదాన్ని ఎలా రాస్తాం?” అని కసిరాను. పాపం, ఆ అమ్మాయి తప్పేముంది?

ప్రొఫెసర్ సారాంశంలో తొమ్మిది కొట్టేసి పద్నాలుగు రాశారు. తిట్టినా బాగుండేది.