వంకాయరంగు చీర, రెండు టీవీలు

బీరువా తెరిస్తే ముందు తగిలేది కలరా ఉండల వాసన, దాని వెనకనే లవంగం, తమలపాకుల వాసన. అది మా అవ్వ వంకాయరంగు నారాయణపేట చీర. అవ్వ అంటే బాపు వాళ్లమ్మ, కొడుకులకూ మనవలకూ అందరికీ అవ్వే. ఇంటిల్లిపాదీ సిగ్గుతో తల దించుకున్న రోజున ఈ చీర నా భుజం మీద ఉంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, కేతేపల్లి పక్కన మా ఊళ్లో, బాపు, చిన్నబాపు ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకుని ఉండేవాళ్లు. అవ్వకు వంతులు, ఒక నెల మా దగ్గర, ఒక నెల వాళ్ల దగ్గర. దసరా వస్తే చేలల్లో పత్తి పగిలి తెల్లగా నవ్వేది, నూనెలో మక్కగారెలు వేగేవి, అరుగు మీద మా అష్టాచెమ్మ గోల, వీటన్నిటి నడుమ అవ్వ గోడకు ఒరిగి కూర్చుని, ఒక్క గారె మిగిలినా తుంచి ఇద్దరు కొడుకులకు చెరిసగం పెట్టేది. ఏ కోడలి కూర బాగుందని అడిగినా "రెండు మంచిగనే ఉన్నయి" అనేది తప్ప ఇంకో మాట ఆమె నోట వచ్చేది కాదు.

ఆ దసరాకు బాపు నకిరేకల్ పోయి గోడకు తగిలించే పల్చటి టీవీ తెచ్చాడు. వారం తిరక్కముందే చిన్నబాపు ఇంకోటి తెచ్చాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుందని మా అమ్మ గొణిగింది, చిన్నమ్మ విననే విన్నది. ఇక ఎవరి బొమ్మ మంచిదనే పంచాయితీ మొదలైంది. పండుగనాడు రెండు టీవీలనూ నడింట్లో బియ్యం బస్తాలకు ఆనించి పక్కపక్కన పెట్టారు. మేనత్త పెండ్లి వీడియో ఉన్న పెన్‌డ్రైవ్ ఒక్కటే కాబట్టి ఒకదానికి పెట్టి చూసి, తీసి, రెండోదానికి పెట్టేవాళ్లు. పెండ్లిలో అవ్వ కట్టిన చీరను పెట్టెలోంచి తీసి నా భుజం మీద వేసి, రంగు పోల్చడానికి నన్ను తెర పక్కన నిలబెట్టారు. మా టీవీలో అది నీలంగా, వాళ్లదాంట్లో నల్లగా ఉంది. రిమోట్లు నొక్కీ నొక్కీ మేనత్త ముఖాన్ని ఒకసారి పసుపుముద్ద, ఒకసారి కాల్చిన వంకాయ చేశారు. గొంతులు లేచాయి.

"చీర అవ్వది, అవ్వనే చెప్పాలె," అన్నాడు చిన్నబాపు.

అవ్వను తెచ్చి ముందు కూర్చోబెట్టారు. చిన్నబాపు తన టీవీ నుంచి పెన్‌డ్రైవ్ పీకి మా టీవీకి ఇంకా పెట్టలేదు, రెండు తెరల మీదా బొమ్మ లేదు. ఆ తొందరలో బాపు అడిగేశాడు.

"చెప్పవే అవ్వా, చీర ఎందుల మంచిగ కనవడ్తాంది?"

అవ్వ కొంగుతో కండ్లు తుడుచుకుంది. "రెండిట్ల మంచిగనే కనవడ్తాంది బిడ్డా. పెండ్లి నా కండ్ల ముంగట జరిగినట్టున్నది."

తమాషా చూడ్డానికి వచ్చిన పక్కింటివాళ్లు నవ్వి, అంతలోనే ఆగిపోయారు. అవ్వ చేయి చాపి, గాలిలో తడిమి, నా భుజం మీది చీర అంచు దొరకబుచ్చుకుంది. రోజూ సాయంత్రం మా పక్కన కూర్చుని మేం నవ్వినప్పుడల్లా నవ్వేది, టీవీ చూస్తోందనుకున్నాం. కంచంలో తడుముకుంటే ముసలితనం అనుకున్నాం. ఇంతమందిమి ఉండి ఆమెకు చూపు పోయిందని కనిపెట్టలేదు, వంతు తప్పకుండా బువ్వ పెట్టామని మాత్రం చెప్పుకునేవాళ్లం. నాకు ఆ చీర కప్పుకుని ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

"గిట్లుంటె చెప్పొద్దా?" అన్నాడు బాపు, తల ఎత్తకుండా.

"ఎవలకు చెప్పాలె కొడుకా? నీకు చెప్తె చిన్నోడు అలుగుతడు, వానికి చెప్తె నువ్వు అలుగుతవు."

నల్లగొండ దవాఖానలో డాక్టరు చాలా ఆలస్యం చేశారన్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయారు. అవ్వకు ఒక కంట్లో కాస్త వెలుతురు మిగిలింది, చివరిదాకా దానితోనే గడిపింది.

ఇప్పుడు అవ్వ లేదు, గారెను తుంచి చెరిసగం పెట్టే చేయి లేదు, నడింట్లో గోడ లేచింది, ఆ టీవీలు పాత సామాన్లవాడి బండి ఎక్కాయి. మొన్న మా ఆయన పెద్ద టీవీ తెచ్చి, బొమ్మ ఎట్లుందని నన్నడిగాడు. వెనక కుర్చీలో మా అత్తమ్మ కూర్చుని ఉంది. నేను ఆయనకు జవాబు చెప్పకుండా ఆమె పక్కకు పోయి కూర్చున్నాను. తెర మీద ఏమేం కనబడుతున్నాయో చెప్పమని అడిగాను.