ఆఖరి మధ్యాహ్నం గంట

బ్లాజెనా నోట్లో నాలుక లేని మనిషని మా యిహ్లవా ఊళ్ళో అందరికీ తెలుసు. బడి వంటశాలలో గరిటె తిప్పిన రోజుల్లోనూ అంతే, భర్త పోయాక ఒంటరిగా ఉంటున్న ఇప్పుడూ అంతే. ఎవరేం అడిగినా "నీ ఇష్టం" అంటుంది. మా ముగ్గురి స్నేహంలో ఎక్కడికి వెళ్ళాలో ఓల్డా చెబుతాడు, అక్కడికెందుకు వద్దో నేను చెబుతాను, దారిలో తినడానికి మాంసం ముక్కలు వేయించి తెచ్చేది మాత్రం బ్లాజెనా.

అలాంటిది ఈ సెప్టెంబరులో తనే అడిగింది. "శనివారం టెల్చ్ వెళ్దామా? పన్నెండుకల్లా అక్కడుండాలి."

టెల్చ్ ఆమె పుట్టిన ఊరు. వాళ్ళ నాన్న అక్కడి చర్చిలో గంట కొట్టేవాడు. ఆడపిల్లవి, నీకెందుకంటూ కూతుర్ని ఏనాడూ తాడు ముట్టనివ్వలేదు. ఆదివారం నుంచి ఆ పని మోటారు చేస్తుందట. చేత్తో కొట్టే ఆఖరి మధ్యాహ్నం గంటకి తాడు నువ్వే లాగమ్మా అని ఫాదర్ గారు కబురు పెట్టారు. ఈ సంగతి నాకొక్కదానికే చెప్పింది.

"ఓల్డాకి చెప్పకే. దారంతా వెక్కిరించి చంపుతాడు."

శనివారం ఓల్డా కార్లో పెందలాడే బయల్దేరాం. ఇంకాస్తలో ఊరొస్తుందనగా రోడ్డు పక్కన అడవి అంచున వరసగా కార్లు ఆగి ఉన్నాయి. మా దేశంలో ఆ దృశ్యానికి ఒకటే అర్థం, పుట్టగొడుగులు మొలిచాయని. ఓల్డా బ్రేకు తొక్కాడు.

"ఒరేయ్, ముందు ఊళ్ళోకి పద. పుట్టగొడుగులకి కాళ్ళొచ్చి పారిపోవు" అన్నాను.

"పారిపోవు, పక్కవాడి బుట్టలోకి పోతాయి! అరగంటమ్మా, బోలెడు టైముంది."

డిక్కీలో బుట్ట ఎప్పుడూ ఉంటుంది వాడికి. చూస్తూండగానే చెట్లలోకి మాయమయ్యాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. బ్లాజెనా మాత్రం "పోనీలే" అంది.

అరగంట దాటినా వాడి జాడ లేదు. బ్లాజెనా ఇక ఉండలేక కారు దిగింది. "నీకు మోకాళ్ళ నొప్పి, నువ్వుండు. వాణ్ణి నేను లాక్కొస్తా."

తను వెళ్ళిన కాసేపటికే వీడు ఇంకో పక్క నుంచి వచ్చాడు. "పదండి, ఇంకా టైముంది. ఏదీ బ్లాజెనా?"

"నీకోసమే వెళ్ళింది!"

కేకలు వేశాం. హారన్ మోగించాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అలా పన్నెండు కావచ్చింది. ఇక దాచలేక తాడు సంగతి వాడికి చెప్పేశాను. వాడి మొహం పాలిపోయింది. "ముందే చెప్పి చావొచ్చుగా! చెబితే ఇక్కడ ఆపేవాణ్ణా?"

అంతలో చెట్ల మీదుగా గంట మోగింది.

సరిగ్గా అప్పుడే బ్లాజెనా పొదల్లోంచి బయటికొచ్చింది. చేతిలో తలగుడ్డ మూట, దాని నిండా పుట్టగొడుగులు. మొహం వెలిగిపోతోంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టెలో పడిందంటే ఇదే.

"చూశారా, ఒక్కదానికీ పురుగు లేదు! ఒకటి కోస్తే దాని వెనకే ఇంకోటి..."

అప్పుడు వినిపించింది ఆమెకి. అక్కడే నిలబడిపోయింది. గంట ఆగేదాకా కదల్లేదు. మూటలోంచి ఒక్కటి కూడా జారనివ్వలేదు.

"ఎవరో లాగేశారు" అంది చివరికి.

నాకు ఓల్డా మీదకంటే తన మీదే ఎక్కువ కోపమొచ్చింది. "పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి నీకోసం అడిగావు కదే! అంత అరిచాం, చెవుల్లో ఏం పెట్టుకున్నావు?"

"మీ కేకలు వినపడ్డాయే" అంది తలొంచుకుని. "ఇంకొక్కటి కోసి వద్దామనుకున్నా."

ఊళ్ళోకి వెళ్దామని ఎవరూ అనలేదు. కారు వెనక్కి తిప్పాం. ఆ సాయంత్రం వాళ్ళింట్లోనే ఆ పుట్టగొడుగుల్ని ఉల్లిపాయ, షాజీరా వేసి వేయించి, గుడ్లు కొట్టి పోసింది. ఓల్డా కంచం ఖాళీ చేశాడు. ఆమె కంచంలో మాత్రం ఉత్త రొట్టె ఉంది.

"కాస్త వెయ్యనా?" అనడిగాను.

"నీ ఇష్టం" అంది.