ఆహాజు రాజు వాటా

నా చిన్నప్పుడు రోజూ సాయంత్రం మా అమ్మమ్మకి బైబిలు చదివి పెట్టడం నా పని. ఆవిడకి అక్షరం రాదు. ఒకసారి విన్నది మాత్రం మర్చిపోయేది కాదు. ఆటలకి తొందరై నేను నాలుగు వరసలు దాటేస్తే చటుక్కున పట్టుకునేది.

ఆ ఏడు క్రిస్మసు ముందు ఏటి మధ్యనున్న మా లంక ఊళ్ళో మూడు రోజుల సభలు పెట్టేరు. ప్రసంగానికి పట్నం నుంచి ఒక పెద్దాయన వచ్చేరు. తెల్ల బూట్లు, మొహం నిండా పౌడరు, తన గొంతంటే తనకే ముచ్చట. ప్రభువు పుడతాడని ప్రవక్తలు ఎప్పుడో చెప్పేరనీ, అది కనిపెట్టలేని యూదులు గుడ్డివాళ్ళనీ మూడు రోజులూ ఎగతాళి చేసేరు. మా లంకలో యూదుణ్ణి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా అందరూ నవ్వేరు. ఆయనకి భోజనం మా ఇంట్లోనే. చేపని తలకాయ నుంచి తోక దాకా వదల్లేదు ఆ మహానుభావుడు. యెషయా ప్రవక్త పుస్తకం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్క ముక్క చాలట.

ఆఖరి రోజు పిల్లలు ప్రవచనాలు అప్పజెప్పాలి. బాగా చెప్పినవాళ్ళకి పువ్వుల గొడుగు. వానాకాలమంతా గోనెసంచి కప్పుకుని కాలవ గట్టు మీద బడికెళ్ళే నాకు ఆ గొడుగు మీదే ప్రాణం. నాకిచ్చింది యెషయాలో కన్యక కొడుకుని కంటుందన్న ఒక్క వాక్యం. నేను అమ్మమ్మకి చదివే అలవాటు కొద్దీ పైనుంచి మొదలెట్టేను. ఇద్దరు రాజులు యెరూషలేము మీదికి రావడం, అక్కడి ఆహాజు రాజు వణికిపోవడం, దేవుడు అతనికి గుర్తుగా ఆ బిడ్డ సంగతి చెప్పడం, ఆ బిడ్డకి మంచీ చెడూ తెలిసేలోపే ఆ ఇద్దరి దేశాలూ పాడుపడతాయనడం. పూర్తి కాకుండానే ఆయన మైకు లాక్కుని, ఆ పాత రాజుల గోల మనకెందుకని నవ్వేరు. గొడుగు ఇంకో పిల్లకి ఇచ్చేసేరు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మమ్మ లేచింది.

"అయ్యగారండీ, శత్రువులు గుమ్మంలోకొచ్చి ఆ రాజు ఏడుస్తుంటే, వందల ఏళ్ళ తరవాత పుట్టే బిడ్డ వల్ల అతనికేం ధైర్యమండీ?"

"అక్షరం ముక్క రాదు, నువ్వు నాకు నేర్పుతావా ముసలమ్మా?" అన్నారాయన.

"ఆయ్, రాదండీ. అందుకే మధ్యలో ఆపడం కూడా రాదండీ."

ఈసారి జనం నవ్వింది ఆయన్ని చూసి. గొడుగు మాత్రం నాకు రాలేదు.

దారిలో ఏడుస్తూనే, అయితే ఆ మాటలో మన ప్రభువు లేడా అని అమ్మమ్మని అడిగేను. ఉన్నాడంది. మా మావయ్య కోసం కట్టిన ఉయ్యాలలోనే నన్నూ పడుకోబెట్టేరట. అంతమాత్రాన ఆ ఉయ్యాల నా ఒక్కదాని కోసమే కట్టేరని, మావయ్య అందులో పడుకోనే లేదని అంటానా అని అడిగింది.

ఇప్పటికీ ఆదివారం గుడికెళ్తాను, ప్రార్థన చేసుకుంటాను. ఆ పట్నం పెద్దాయన లాంటివాళ్ళు ఇప్పుడు మా మనవల ఫోనుల్లోకి కూడా వచ్చేసేరు. ఎవరైనా ఒక్క ముక్క పట్టుకుని పక్కవాణ్ణి గుడ్డివాడంటే, దాని పైన ఏముందో చదవండి బాబూ అంటాను. చదవరు. గొంతు పెంచుతారు. ఆ గొంతుకి నేనీనాటికీ భయపడను.