ఖాళీ చేసి పోయిన ఆఫీసు

కంప్లయన్స్ అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. కంపెనీల్లో రూల్సు సరిచూసే ఆ పని చేసేవాళ్ళు ఎప్పుడూ గొంతు పెంచరు. మెత్తగా నవ్వి "ప్రాసెస్ అండీ" అంటారు. ఊడ్చే పని మాదే అయినా, నన్ను ఊడ్చిపారేసింది వాళ్ళు.

అమీర్‌పేటలో, కోర్సుల ఫ్లెక్సీల వెనక కిటికీలు కూడా కనబడని ఒక బిల్డింగ్ రెండో అంతస్తులో నాకొక గది ఉండేది. అక్కడి నుంచే బంజారా హిల్స్‌లో ఒక పెద్ద కంపెనీకి హౌస్‌కీపింగ్ మనుషుల్ని పంపేదాన్ని. అందరూ ఆడవాళ్ళే. వాళ్ళ సూపర్‌వైజర్ కూడా ఏళ్ళ తరబడి ఆ నేల తుడిచి పైకొచ్చిన మనిషి. ఆ కాంట్రాక్టు పోతే వీధిన పడేది నేనొక్కదాన్నే కాదు, వాళ్ళంతా.

ఉన్నట్టుండి ఆ కంపెనీకి నీతి పుట్టుకొచ్చింది. తమతో వ్యాపారం చేసేవాళ్ళు నిజంగా ఉన్నారా, మంచివాళ్ళేనా అని కూపీ లాగాలట. ముందు ప్రశ్నలు పంపారు. మీ సంస్థకు లంచాల వ్యతిరేక విధానం ఉందా? మీ డైరెక్టర్లు దాన్ని ఏటా సమీక్షిస్తారా? డైరెక్టరూ నేనే, గుమాస్తా నేనే, ఎవరైనా రాని రోజు చీపురు పట్టేదీ నేనే. ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను.

తర్వాత ఒకతను ఫైలు పట్టుకుని అడ్రసు చూడటానికి వచ్చాడు. మహానుభావుడు రెండంతస్తులు ఎక్కలేదు. మెట్ల కింద తాళంచెవులు చేసే భాయ్‌ని అడిగాడు.

మా బిల్డింగ్‌కి ఫైలు పట్టుకుని వచ్చేది అప్పు వసూలు చేసేవాళ్ళు, లేకపోతే కోర్సు చేసిన పిల్లల సర్టిఫికెట్ల గురించి ఆరా తీసేవాళ్ళు. ఎవరొచ్చినా భాయ్ దగ్గర ఒకటే జవాబు. ఒకప్పుడు నా వెంటపడ్డ లోన్ ఏజెంట్లనీ అలాగే తిప్పి పంపాడు. ఆ రోజు చాయ్ తెప్పించి, దణ్ణం పెట్టినంత పని చేశాను.

సాయంత్రం నేను మెట్లు దిగుతుంటే సంబరంగా పిలిచాడు.

"మేడం, జర ఇనుండ్రి. పొద్దుగాల ఫైలోడు ఒకడొచ్చిండు. ఫికర్ చెయ్యకుండ్రి. ఎప్పుడో ఖాళీ చేసి పోయిండ్రు అని చెప్పిన. మల్ల రాడు."

ఇంకో లోన్ ఏజెంటే అనుకుని నేనూ నవ్వేసి వెళ్ళిపోయాను. నిజంగానే మళ్ళీ రాలేదు. మెయిల్ వచ్చింది. చెప్పిన అడ్రసులో సంస్థ లేదు కాబట్టి కాంట్రాక్టు రద్దు. అది ఆ గదిలోనే, నా కుర్చీలోనే కూర్చుని చదివాను.

కిందికెళ్ళి భాయ్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. మర్నాడు భాయ్ ఇస్త్రీ లాల్చీ వేసుకొచ్చి, షట్టర్ దించేసి, "పాండ్రి మేడం, నేనే చెప్త" అన్నాడు.

కంపెనీ లాబీలో, మావాళ్ళు తుడిచిన నేల చూస్తూ చాలాసేపు కూర్చున్నాం. చివరికి కంప్లయన్స్ ఆఫీసరు వచ్చాడు. అదే నవ్వు.

"తప్పు నాది సార్. అబద్ధం నేనే చెప్పిన. మేడం పైననే ఉన్నరు," అన్నాడు భాయ్.

"అబద్ధం చెప్పానని మీరే అంటున్నారు కదండీ. మీ మాట మేం రికార్డు చేసుకోలేం."

"మరి ఆ అబద్ధాన్ని ఎలా రికార్డు చేసుకున్నారండీ?" అన్నాను. "అమీర్‌పేట ఎంత దూరం? ఇప్పుడే నాతో రండి, చూద్దురుగాని."

"రిపోర్టు క్లోజ్ అయిందండీ. ప్రాసెస్."

చెంప పగలగొట్టాలనిపించింది. బ్యాగు గట్టిగా పట్టుకుని బయటికొచ్చేశాను.

కాంట్రాక్టు పంజాగుట్టలో అద్దాల ఆఫీసున్న ఒక ఏజెన్సీకి వెళ్ళింది. వాళ్ళు మా ఆడవాళ్ళనే పనిలో పెట్టుకుంటామన్నారు. పోనీలే, వాళ్ళ పొట్టకూడైనా నిలిచిందనుకున్నాను. సూపర్‌వైజర్ వచ్చి పాత పని తాలూకు కాగితం అడిగితే, ఉన్న మంచంతా రాసి, ముద్ర వేసి ఇచ్చాను.

మర్నాడే ఆ కాగితం వెనక్కి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"గిది చెల్లదంట మేడం. మీ ఆఫీసే లేదంట గద. నాకు అనుభవం లేదని రాసుకున్నరు. కొత్తోళ్ళ జీతమే ఇస్తరంట."

"ఎవరన్నారు?" అని లేచాను.

"పోనీ తియ్యుండ్రి," అంది, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "రేపు పొద్దుగాల ట్రైనింగ్ ఉన్నదంట. గా నేల ఎట్ల తుడవాల్నో నేర్పిస్తరంట."