తన పాట మీద తనే

రోము సామ్రాజ్యం కూలిపోయిందని పుస్తకాల్లో రాస్తారు. పచ్చి అబద్ధం. అది చెక్కుచెదరకుండా యానాంలో, ఫరంపేటలో, బుల్లబ్బాయి బీరువా రెండో అరలో ఒక బిస్కట్ల డబ్బాలో ఉంది. సరే, సామ్రాజ్యం మొత్తం అంటే కాస్త ఎక్కువేమో. చివరి నూటయాభై ఏళ్ళూ ఉన్నాయి. అవీ చిల్లరగా. చెక్కుచెదరకుండా అన్న మాట కూడా వెనక్కి తీసుకోవలసిందే. అందులో చింతపండు ప్రమేయం ఉంది.

ఆ సామ్రాజ్యం అక్కడికి చేరడానికి కారణం బుల్లబ్బాయికి ఉన్న ఒకే ఒక్క జబ్బు. వేలంలో ఎవరైనా ఒక పాట పాడితే, దాని మీద ఇంకో పాట పాడకుండా ఉండలేడు. ఎవరైనా అంటే ఎవరైనా. ఆఖరికి తనైనా సరే.

ఐసు ఫ్యాక్టరీ నడిపిన రోజుల్లో ఆయన రేవులో చేపల వేలానికి వెళ్ళేవాడు. అక్కడ పాట పిలిచేది చిన్నారావు. ఓ ఏడు గోదావరికి ఎర్రనీరు వచ్చి తొలి పులస పడింది. పాట వేడెక్కింది. కాకినాడ హోటలువాడు తప్పుకున్నాడు, రొయ్యల చెరువులవాడు తప్పుకున్నాడు, బుల్లబ్బాయి ఒక్కడే మిగిలాడు.

"బుల్లబ్బాయి గారి పాట! ఒకటోసారి... రెండోసారి..."

"ఇంకో వెయ్యి!" అన్నాడు బుల్లబ్బాయి.

చిన్నారావు చుట్టూ చూశాడు. "అయ్యబాబోయ్, ముందు పాటా మీదేనండి!"

"నాదైతే ఏంటయ్యా? పాట పాటే. దాన్నలా ఒంటరిగా ఒదిలేస్తావా?"

"మీ మీద మీరే పాడుకుంటే ఎలాగండి?"

"ఇంకో వెయ్యి!"

ఆ పులస సముద్రం నుంచి ఎదురీది వచ్చిన దూరం కన్నా దాని ధర ఎక్కువ దూరం పోయేదే. ఇంతలో ఎవరో పరుగున పోయి ఆయన భార్య సరోజినికి చెప్పారు. పులుసు కోసం చింతపండు పిసుకుతున్న మనిషి, చేతికి గుజ్జు అలాగే ఉండగా వచ్చి, మొగుణ్ణి రెక్క పట్టుకుని ఇంటికి నడిపించుకుపోయింది. ఆ రోజు నుంచి ఆయనకి రేవు నిషేధం.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. బుల్లబ్బాయిది మాత్రం ఫోనులోకి పోయింది. కొత్త ఫోనులో వేలం అన్న మాట పెట్టి వెతికితే, ఎక్కడో జర్మనీలో పాత నాణేలు పాడుతున్నారని తెలిసింది. బంగారు నాణేల దగ్గర జనం మూగి ఉన్నారు. ఓ మూల చొక్కా గుండీలంతేసి కంచు కాసులు గుట్టగా పోసి ఉన్నాయి. రోము ఆఖరి చక్రవర్తులవి. ఒక్కడూ పాడడంలేదు. బుల్లబ్బాయికి గుండె తరుక్కుపోయింది.

"చూడవే సరోజినీ! చక్రవర్తి! ఒక్క పాటైనా లేదు!"

"ఆయనకి లేకపోతే మీకెందుకండీ అంత బాధ?"

ఆ పాటికే బాధ తీరిపోయింది. వేలు నొక్కేశాడు.

నిజానికి ఫోను వేలంలో నొక్కితే చాలు. నోరు మెదపకుండా పాడటం ఆయన వల్ల కాదు. సాయంత్రం కాఫీ వేళకి అరుగు మీద చేరి, "నా పాట! దానిమీద ఇంకో పాట! ఏరా జర్మనీ, వినపడిందా?" అని వీధి అదిరేలా అరిచేవాడు. మీ పాటే పైనుంది మహాప్రభో అని ఫోను ఎర్ర అక్షరాల్లో మొత్తుకునేది. ఆయన దాన్ని సవాలుగా తీసుకుని ఇంకోసారి నొక్కేవాడు. ఈ హోరు విని ఓ రోజు కనకాలపేట నుంచి ఇద్దరు పెద్దమనుషులు పళ్ళు పట్టుకుని వచ్చారు.

"అయ్యగారు రోజూ పాటలు పాడతారంట కదండి. మా అమ్మాయి పెళ్ళిలో ఓ రెండు పాడతారేమోనని..."

"పాడతారండి," అంది సరోజిని. "పాడాక పార్సిలు వస్తుంది. డబ్బు మీరు కట్టుకోవాలి."

చక్రవర్తుల కుటుంబ వ్యవహారాలు కూడా ఆవిడే తేల్చింది. తండ్రి కాన్‌స్టంటైన్, కొడుకులు కాన్‌స్టంటైన్, కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్ అని మొగుడు తల పట్టుకుంటే, "ఇందులో ఏముందండీ? అడివిపొలంలో అమ్మన్న గారిల్లు లేదా? పెద అమ్మన్న, చిన అమ్మన్న, బుల్లి అమ్మన్న. పాపం పోస్టుమేనే చచ్చుంటాడు," అంది.

చింతపండు ప్రమేయం మొదటి పార్సిలు నాడే జరిగింది. బుల్లబ్బాయి క్షవరానికి వెళ్ళి వచ్చేసరికి కాసులన్నీ పళ్ళెంలో తళతళలాడుతున్నాయి.

"సరోజినీ! ఏం చేశావే?"

"పచ్చగా చిలుం పట్టున్నాయండీ. చింతపండూ ఉప్పూ వేసి, కొబ్బరిపీచుతో తోమాను."

"అది పదహారు వందల ఏళ్ళ చిలుమే! విలువంతా దానిదే!"

"పదహారు వందల ఏళ్ళ నుంచీ ఎవరూ తోమలేదా?" సరోజిని ముక్కున వేలేసుకుంది. "ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు లేరాండీ?"

ఒక చక్రవర్తికి ముక్కు పోయింది. ఇంకొకరికి కిరీటం పోయి బోడిగుండు మిగిలింది. బుల్లబ్బాయి ఆ పూట అన్నం మానేశాడు. కొర్రమీను పులుసని తెలిశాక మానడం మానేశాడు.

ఆ పులుసుకి చేప తెచ్చిన ఫిలోమినా అప్పుడు పెరట్లోనే ఉంది. పొలుసు తీస్తూ పళ్ళెం వంక చూసి, "ఎంత బాగా మెరిసినాయండి అమ్మగారూ!" అంది. కనీసం ఒక్కరైనా మెచ్చుకున్నారని సరోజిని సంతోషించింది. ఆ సంతోషం ఎంత ఖరీదైనదో అప్పుడు ఆవిడకి తెలియదు.

ఫిలోమినా మొగుడు లూయిస్ సొంత నావ మీద వేటకి పోతాడు. ఆ ఏడు గాలివానకి నావ గట్టుకి కొట్టుకుని అడుగు చెక్కలు పగిలిపోయాయి. వేసవి వేట నిషేధం ఎత్తేసేలోగా బాగుపడకపోతే, లూయిస్ కాకినాడ పోయి ఎవరి బోటులోనో కూలికి ఎక్కాలి.

"సొంత నావ మీద కూర్చున్నోడు కూలి నావ ఎక్కితే మరి దిగడండి అమ్మగారూ," అంది ఫిలోమినా, చేప కోస్తూ. బాగుచెయ్యడానికి మేస్త్రి ఎంత అడిగాడో కూడా చెప్పింది.

అరుగు మీద వింటున్న బుల్లబ్బాయి జేబులో చెయ్యి పెట్టాడు. ఫిలోమినా చూసింది. కత్తిపీట మడిచేసింది.

"అయ్యగారూ, నేను చేపలమ్ముకునేదాన్నండి. చెయ్యి చాపేదాన్ని కాదు."

ఆ తరవాత వారం రోజులు ఆ వీధిలోకే రాలేదు. బుల్లబ్బాయి ఇంట్లో వారమంతా బీరకాయే.

మళ్ళీ వచ్చినప్పుడు ఆవిడ చేతిలో గంపకి బదులు పాత పొగాకు డబ్బా ఉంది.

"మా తాత ఫ్రెంచి పటాలంలో అల్జీరియా వెళ్ళొచ్చాడండి. అక్కడ ఇసకలో ఏరాడంట. పెట్టి అడుగునుంటే తీశాను. మీ రోము కాసుల్లాగే ఉన్నాయండి. ఊరికే ఇమ్మనడంలేదు, సరుకు చూసి కొనుక్కోండి." గర్వంగా మూత తీసింది. "నల్లగా, పచ్చగా అసయ్యంగా ఉంటే, అమ్మగారిలాగే చింతపండేసి తోమేనండి. ఇసక కూడా ఏసేను."

సరోజిని డబ్బాలోకి తొంగిచూసింది.

అద్దాల్లా మెరుస్తున్నాయి కాసులు. ఒక్క చక్రవర్తికీ ముక్కు లేదు, చెవి లేదు, పేరు లేదు. బుల్లబ్బాయి వాటిని తిప్పి తిప్పి చూశాడు. మొగుడి మొహం చదవడం సరోజినికి కొత్త కాదు. చొక్కాకి కుట్టుకోవడానికి తప్ప ఇంక దేనికీ పనికిరావు. మేష్టారు తను, శిష్యురాలు ఫిలోమినా. ఇప్పుడా నావ మునిగితే ముంచింది తన చింతపండే.

బుల్లబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "ఫిలోమినా, ఇలాంటి కాసులు నా జన్మలో చూడలేదు."

అందులో అబద్ధం ఏమీ లేదు.

"ఎంతిస్తారండి?"

"ఇలాంటి సరుక్కి ధర నేను చెప్పకూడదు. పాట పెట్టాలి. రేపు రేవులో."

రేవు మాట వినగానే సరోజిని నోరు తెరిచింది. తన చేతులకేసి చూసుకుని మూసేసింది.

మర్నాడు రేవులో సరుకు తక్కువ, జనం ఎక్కువ. జీవితంలో ఐసు లేకుండా దేన్నీ అమ్మనివాడు కాబట్టి, చిన్నారావు కాసుల్ని కూడా ఐసు మీదే పరిచాడు.

"రండి బాబూ రండి! పదహారు వందల ఏళ్ళ సరుకండి! తాజాదండి!"

ఒక్కడూ పలకలేదు. బుల్లబ్బాయి పాడాడు. తన పాట మీద తనే పాడాడు. దానిమీద మళ్ళీ పాడాడు. రేవంతా నవ్వులు.

"మొదలైందిరా బాబూ! అమ్మగారూ, రెక్క పట్టుకోండి!" అన్నారెవరో.

సరోజిని గబగబా దగ్గరికి వెళ్ళింది. చెయ్యి చాచి, ఆగింది. ఎప్పుడూ పాడేటప్పుడు మొగుడి చూపు పాట పిలిచేవాడి నోటి మీద ఉంటుంది. ఇవాళ లేదు. పాడినప్పుడల్లా గట్టు మీద బోర్లా పడుకున్న లూయిస్ నావకేసి చూస్తున్నాడు. ఒక అంకె దగ్గరికి వచ్చి, టక్కున నోరు మూశాడు.

అది మేస్త్రి అడిగిన అంకె.

చిన్నారావు మెడ సాచాడు. "అయ్యగారూ? ఇంకో పాట?"

"లేదు."

"ఒంట్లో బాగానే ఉందాండి?"

"నువ్వు కానియ్యవయ్యా."

"ఒకటోసారి... రెండోసారి..."

"ఇంకో వెయ్యి!"

ఆడగొంతు. రేవంతా తిరిగి చూసింది. సరోజిని కొంగు దోపుకుని నిలబడి ఉంది. మొగుడి చెవిలో, "నావ చూశారు గానీ వల చూశారా? అదీ చిరిగింది," అంది. పైకి మాత్రం, "అంత మెరిసే కాసులు మా ఇంట్లో కూడా లేవు," అంది.

బుల్లబ్బాయికి గొంతులో దురద పుట్టింది. పైన ఒక పాట ఉంది. దానిమీద ఇంకోటి లేదు. నోరు తెరుచుకుంటోంది. సరోజిని చూసిన చూపుకి మళ్ళీ మూతపడింది. బుల్లబ్బాయి పాట ఓడిపోవడం అదే మొదలు.

"మూడోసారి! పాట సరోజినమ్మ గారిది!"

ఫిలోమినా డబ్బు కొంగున ముడేసుకుని రేవంతటికీ వినపడేలా అంది: "అయ్యగారి పిచ్చి అమ్మగారికి కూడా అంటుకుందండి, పాపం. అయితే నాకేంటండి? సరుకిచ్చేను, డబ్బు పుచ్చుకున్నాను." నిషేధం ఎత్తేసిన నాడు లూయిస్ సొంత నావ మీదే వేటకి పోయాడు. ఆ మర్నాడు చేప తెచ్చినప్పుడు ఫిలోమినా రూపాయి తగ్గించలేదు. ముక్క కొసరు కూడా వెయ్యలేదు.

ఈ కథ ఎవరైనా ఎదుట చెబితే బుల్లబ్బాయి పడక్కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంటాడు.

"అంతా అబద్ధం. నా పాట మీద నేను పాడుకోవడానికి నాకేమైనా పిచ్చా? రేవు మొహం చూసి ఏళ్ళయింది. ఫిలోమినా చేపలు తప్ప ఏమీ అమ్మదు. సరోజినికి చింతపండు పడదు."

"మరి బీరువాలో ఉన్న ఆ డబ్బాలో ఏముందండీ?"

"బిస్కట్లు."